పాఠశాల కంప్యూటర్లకు ఎట్టి జల్లెడ కావలెను?

(షోలాపురమున మన తెలుగు పాఠశాల తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము నూలు వర్తకులము. మా చదువు మెట్రిక్కుతో ముగిసినది. ఇంటర్నెట్టును గూర్చి ఈ వేదికపై మాటలాడుటకు మాకు గల అర్హత ఒక్కటే: మన పాఠశాల కంప్యూటర్లకు ఫిల్టరు అను సాఫ్ట్‌వేరును మొదటిసారి కొన్నప్పుడు ఆ కాగితముపై సంతకము చేసినవారము మేమే. మోసపోయితిమని చెప్పిన సరిపోదు. చూడక కొంటిమి. నూలు కొనునపుడు చిలప విప్పి, పోగు లాగి, తడిపి చూచువారము, పిల్లల కొరకు కొనునపుడు మాత్రము అమ్మువాని మాట విని సంతకము పెట్టితిమి.

ఆ కొనుగోలునకు కారణము మీలో చాలమందికి తెలియును. ఏడవ తరగతి బాలుడొకడు వేమనను గూర్చి వ్యాసము వ్రాయుటకు కంప్యూటరు గదిలో వెదకుచుండగా, జూదపు ప్రకటన యొకటి తెరపైకి వచ్చెను. దానిని తొలగింపబోయి నొక్కగా పిల్లలు చూడరాని చిత్రములు వచ్చినవి. బాలుడు భయపడి కంప్యూటరు తీగ నూడబెరికెను. కమిటీవారమందరము సమావేశమై రెండు నెలలు ఆ గదికి తాళము వేయించితిమి.

తాళము వలన ఎవరికి నష్టము కలిగినదో అప్పుడు ఆలోచింపలేదు. ఇంట కంప్యూటరు గలవాడు ఇంట చదువుకొనెను. తల్లి బీడీలు చుట్టి, తండ్రి మరమగ్గముపై రాత్రి పాళీ చేసి చదివించుచున్న పిల్లలకు ఆ గది తప్ప వేరు దిక్కు లేదు. గదిని తెరువుడని మొదట అడిగినది వారే. అప్పుడు ఫిల్టరు కొనవలెనని తీర్మానించితిమి.

అమ్మువాడు వచ్చి మా యెదుట ఒక ఇంగ్లీషు బూతుమాటను కొట్టి చూపెను. వెంటనే తెరపై ఎఱ్ఱని పుట వచ్చి, ‘అనుమతి లేదు’ అని వ్రాసినది. మేము సంతోషించితిమి. తెలుగులో ఒక్క మాటయైనను కొట్టి చూపుమని అడుగుట మాకు తోచలేదు.

నెల దాటకమునుపే రెండు సంగతులు జరిగినవి. మొదటిది, తెలుగు మాస్టరుగారు ఇచ్చిన పాఠ్యాంశమునకు కావలసిన పుటలు సగము తెరువబడలేదు. రెండవది చెప్పుటకు మాకిప్పటికిని సిగ్గుగా నున్నది. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తల్లికి రొమ్ములో గడ్డ కలదని వైద్యులు చెప్పగా, ఆ వ్యాధిని గూర్చి తెలిసికొనవలెనని ఇంగ్లీషులో దాని పేరు కొట్టినది. ఫిల్టరు దానిని ఆపుటయే గాక, ఆ పిల్ల పేరుతో ‘అశ్లీలము’ అను శీర్షిక క్రింద కార్యాలయమునకు నివేదిక పంపెను. కార్యాలయమున నలుగురు చూచిరి. నలుగురు చూచినది నలుబదిమందికి తెలియుటకు ఎంతసేపు పట్టును? ఆ పిల్ల నాలుగు దినములు బడికి రాలేదు.

మేము వారి యింటికి పోయితిమి. ఆ తల్లి మంచము మీదనుండి లేచి కూర్చుండి, “అన్నా, నా రోగం సంగతి తెలుసుకుందామని చూసింది గాని చెడ్డది చూడలేదు. దాని పేరు ఎందుకు రాసుకున్నారు?” అని అడిగెను. మా యొద్ద సమాధానము లేదు. ఆ ఫిల్టరు గడువు ఈ మార్చితో ముగియుచున్నది. మరల కొనవలెనా, వేరొకటి కొనవలెనా, కొన్నచో దేనిని కొనవలెను అనుటయే నేటి సభకు కారణము.

ఈ మధ్యకాలమున కంప్యూటరు టీచరుగారి యొద్ద కూర్చుండి కొంత నేర్చుకొంటిమి. దానిని మనకు తెలిసిన మాటలలో చెప్పుటకు ప్రయత్నించెదము.

ప్రతి వెబ్‌సైటునకు పలుకుటకు ఒక పేరు, యంత్రమునకు తెలియుటకు ఒక అంకెల చిరునామా యుండును. పేరు చెప్పగా అంకెలు తెలుపు వ్యవస్థను డి.యన్.యస్. అందురు. పేటలో ఫలానావారి ఇల్లెక్కడ అని అడిగిన చూపువాని వంటిది. చెడ్డ ఇండ్ల జాబితా నొకదానిని వాని చేతికిచ్చి, ఈ పేర్లు అడిగినచో త్రోవ చెప్పవద్దనుట మొదటి రకపు ఫిల్టరు. ఇది చౌక. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020లో కుటుంబముల కొరకు ప్రారంభించిన సేవ ఉచితముగానే దొరకుచున్నది. రౌటరులో 1.1.1.3 అను చిరునామా నుంచినచో అశ్లీలపు సైట్లును, యంత్రమునకు హాని చేయు సైట్లును ఆగును. ఓపెన్ డి.యన్.యస్. వారి ఫ్యామిలీషీల్డు కూడ ఉచితమే. అయితే అశ్లీలము వేరు, జూదము వేరు. మన బాలునికి మొదట ఎదురైనది జూదపు ప్రకటన. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను 2025లో పార్లమెంటు చట్టముచే నిషేధించినది గాని, చట్టము చేయబడినంత మాత్రమున పరదేశపు సైట్లు మాయము కావు. కావున దేనిని ఆపునో వర్గముల వారీగా అడుగవలెను.

ఈ రకమునకు మరియొక లోపము కలదు. ఇంటిని మొత్తముగా మూయగలదు గాని, ఇంటిలోని ఒక గదిని మూయలేదు. యూట్యూబు మంచిదా చెడ్డదా అని అడిగిన ఏమి చెప్పగలము? గణిత పాఠములును అందే యున్నవి, తక్కినవియు అందే యున్నవి. ఇట్టి చోట గూగులువారి సేఫ్‌సెర్చి, యూట్యూబువారి రెస్ట్రిక్టెడ్ మోడు అను ఏర్పాట్లను పాఠశాల అంతటికి ఒకేసారి బిగించు విధానము కలదు. దానికి కూడ సొమ్ము అక్కరలేదు. కాని ఈ రెస్ట్రిక్టెడ్ మోడు నాణ్యము అన్ని భాషలలో ఒక తీరుగా నుండకపోవచ్చునని ఆ సంస్థయే చెప్పుచున్నది. తెలుగువారు ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

రెండవ రకము, పాఠశాలకు వచ్చు తీగకును మన కంప్యూటర్లకును నడుమ కావలివాని వలె కూర్చుండు పెట్టె. ఇది లోపలి పుటలను కూడ చదువగలదు. కాని నేటి వెబ్‌సైట్లలో అధిక భాగము సీలు వేసిన కవరులో ఉత్తరము వలె వచ్చును. కావలివానికి కవరుపై చిరునామా కనబడును గాని లోని వ్రాత కనబడదు. వ్రాత చదువవలెనన్న ప్రతి కంప్యూటరులో పాఠశాల సర్టిఫికెట్టు నొకదాని నుంచి, సీలు విప్పి, చదివి, మరల సీలు వేయవలెను. అప్పుడు ఉపాధ్యాయుడు అదే కంప్యూటరుపై బ్యాంకు లెక్క చూచుకొన్నను ఆ సీలు కూడ విప్పబడవచ్చును. మన పాఠశాలకు ఇంత అవసరము లేదని మా అభిప్రాయము. మూడవ రకము ఒక్కొక్క యంత్రములో వేయు సాఫ్ట్‌వేరు. యంత్రమునకింత అని ఏటేట చెల్లింపవలెను. మొదటి యేటి ధరను జూచి సంతోషింపక రెండవ యేటి ధరను వ్రాయించుకొనుట మంచిది.

ఇక అసలు సంగతికి వచ్చెదము. ఈ ఫిల్టర్లలో ఎక్కువ భాగము ఇంగ్లీషును దృష్టిలో నుంచుకొని చేయబడినవి. ఇంగ్లీషుననే అవి పొరబడుచుండగా మన భాష మాట చెప్పనేల? 1996లో ఇంగ్లండులోని స్కన్‌థోర్ప్ అను ఊరివారికి అమెరికా ఆన్‌లైన్ అను సంస్థలో ఖాతాలు తెరువ వీలుకాలేదు. ఊరి పేరులోని నాలుగక్షరములు బూతుమాట యగుటయే కారణము. ఇట్టి తప్పునకు నేటికిని ఆ ఊరి పేరే నిలిచినది. మన పేర్లు ఇంతకంటె మెరుగు కావు. దీక్షితులు అను పేరును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి చూడుడు. నడుమ ఒక పాడుమాట కూర్చుండి యుండును. బాలసాహిత్యమున పేరొందిన చింతా దీక్షితులుగారిని మన బాలలు వెదకినచో, తెలివిలేని ఫిల్టరు ఆయనను గడప దాటనీయదు!

తెలుగు లిపిలో వ్రాసిన పుటల గతి వేరు. ఫిల్టరు చేయువారు సైట్లను వర్గములుగా విభజింతురు: విద్య, వార్తలు, జూదము, అశ్లీలము ఇత్యాది. వారి యంత్రమునకు చదువరాని భాషలోని చిన్న సైటు ‘వర్గము తెలియనిది’ అను బుట్టలో పడును. ఆ బుట్టను తెరచి యుంచినచో తెలుగులోని చెత్తయంతయు లోనికి వచ్చును. మూసినచో తెలుగులోని మంచియు బయట నిలుచును. మేము కొన్న ఫిల్టరులో ఆ బుట్ట మూయబడి యుండెను. మాస్టరుగారి పుటలు తెరువబడకపోవుటకు అదియే కారణమని తరువాత తెలిసినది. అదిగాక మనవారు ఇంటర్నెట్టున వ్రాసిన సాహిత్యములో పెద్ద భాగము బ్లాగులలో నున్నది. ‘బ్లాగులు’ అను వర్గమును ఒక్క మీటతో మూసినచో అదియు పోయినట్లే.

మాటల జాబితా నిచ్చి ఆపుమన్నను మన భాష లొంగదు. తెలుగు మాటకు విభక్తులు చేరును, సంధి కలియును, ఒక్క మాటకు పలు రూపములు కలుగును. జాబితాలోని రూపము ఒకటి, పుటలోని రూపము మరియొకటి. పైగా మన కుఱ్ఱవాండ్రు తెలుగును ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుచున్నారు. ఆ వ్రాతలోని బూతును తెలుగు జాబితాయు పట్టదు, ఇంగ్లీషు జాబితాయు పట్టదు.

ఇది షోలాపురమునకు మాత్రమే గల చిక్కు కాదు. ఇచ్చట మన పిల్లలు తెలుగు, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు చదువుదురు, వీధిలో కన్నడము విందురు. హోసూరులో తమిళము, బరంపురములో ఒడియా, బళ్లారిలో కన్నడము తోడగును. రాజ్యాంగములోని 350ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పు వసతి కల్పింపవలెనని 1956 నుండి చెప్పుచున్నది. పాఠ్యపుస్తకముల కొరకు, తెలుగు ఉపాధ్యాయుల కొరకు మన పెద్దలు ఎన్ని మహజర్లు పెట్టిరో మీ రెరుగుదురు. అంత కష్టపడి నిలుపుకొన్న భాషను మనమే సొమ్ము చెల్లించి, మన కంప్యూటరు గదిలో, మనకు తెలియకయే నిషేధించితిమి.

అందుచేత ఈసారి కొనుటకు ముందు పరీక్ష చేయుదము. అమ్మువారెవరైనను నెల దినములు ఉచితముగా పెట్టి చూపవలెను. ఉపాధ్యాయులు రెండు జాబితాలు సిద్ధము చేయుచున్నారు. తెరువబడవలసిన వానిలో తెలుగు వికీపీడియా, తెలుగు వికీసోర్సు, ఆంధ్రభారతి నిఘంటువులు, శ్రీకాకుళమునందలి కథానిలయము వారి సైటు, కొన్ని తెలుగు బ్లాగులు, స్త్రీల వ్యాధులను గూర్చిన వైద్యపుటలు, జీవశాస్త్రములోని పునరుత్పత్తి పాఠము ఉండును. మూయబడవలసినవి వేరుగా నుండును. ఆ జాబితాను ఉపాధ్యాయులే పరీక్షింతురు, పిల్లలను ఆ దరికి రానీయము. రెండింటిని తెలుగు లిపిలోను, ఇంగ్లీషు లిపిలోను కొట్టి చూడవలెను. ఎఱ్ఱపుట చూపి మెప్పించువానికంటె, పొరబాటు జరిగినపుడు ఎంతసేపటిలో దిద్దునో చెప్పువానికి మా యోటు.

నివేదికల సంగతి కొంచెము కఠినముగా చెప్పవలసి యున్నది. ఏ బాలుడు ఏమి చూచెనో పేరుపేరున వ్రాసిపెట్టు ఏర్పాటును కొందరు తలిదండ్రులు కోరుచున్నారు. వారి భయము మాకు తెలియును, మాకును పిల్లలున్నారు. కాని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా నెంచి, వారి ప్రవర్తనను వెంటాడి గమనించుటను, వారిని గురిచేసి ప్రకటనలు పంపుటను కూడదన్నది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. విద్యకును పిల్లల భద్రతకును విద్యాసంస్థలకు కొన్ని సడలింపులు కలవు. అవి పాఠశాల పనికి గాని, అమ్మువాడు మన పిల్లల వెదకులాటలను మూటగట్టి వేరొకనికి అమ్ముకొనుటకు కాదు. చట్టము నటుంచి, ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఈసారియైన మన యొద్ద సమాధానముండవలెను గదా. యంత్రము ఆపిన దానిని ఆపనిండు. పేరును మాత్రము కార్యాలయమునకు పంపనక్కరలేదు. ప్రమాదము సూచించునట్టివి, ప్రాణము తీసికొనుటను గూర్చి వెదకుట వంటివి మాత్రము ఒక్క ఉపాధ్యాయినిగారికే తెలియవలెను.

తాళపుచెవి ఎవరి చేత నుండవలెననుట మరియొక ప్రశ్న. అమెరికాలో 2000లో చేసిన చట్టము, ఇంటర్నెట్టు ఖర్చునకు ప్రభుత్వ సహాయము పొందు బడులును గ్రంథాలయములును ఫిల్టరు పెట్టవలెనని నిర్బంధించినది. గ్రంథాలయముల విషయమున అది వారి సుప్రీముకోర్టుకు పోగా, 2003లో కోర్టు చట్టమును నిలుపుచు, పెద్దలు అడిగినచో అడ్డు తొలగింపవచ్చునను సంగతిని గమనికలోనికి తీసికొన్నది. అనగా అడుగుటకు ఒక మనిషి, తొలగించుటకు ఒక మనిషి ఉండవలెను. మన దేశమున 2017లో సి.బి.యస్.ఇ. వారు తమ పాఠశాలలకు ఫిల్టర్లు పెట్టుడని సర్క్యులరు పంపిరి. మన బడి రాష్ట్రబోర్డుది యైనను అందులోని బుద్ధి మనకు పనికివచ్చును. తెలుగు మాస్టరుగారు, కంప్యూటరు టీచరుగారు, తల్లులలో ఒకరు, ఈ మువ్వురి చేతిలో ఈ పని యుంచవలెనని మా ప్రతిపాదన. మూయబడిన పుట కావలెనని ఏ బాలుడు అడిగినను ఆనాడే చూచి చెప్పవలెను. మేము ఆ మువ్వురిలో ఉండము. ఒకసారి సంతకము చేసిన అనుభవము చాలును.

ఈ ఫిల్టరు బడి గడప వరకే. పిల్లవాడు పెద్దవారి సెల్‌ఫోనునుండి హాట్‌స్పాటు పెట్టుకొన్నను, వి.పి.యన్. అను సొరంగము త్రవ్వుకొన్నను మన కావలివాడు చూచుచు ఊరకుండవలసినదే. దానికి ఇంట చేయవలసిన పని వేరు. దానిని గూర్చి హెడ్మాస్టరుగారు ఇప్పుడే మాటలాడుదురు కావున మేము ఆ జోలికి పోము.

ఉచితముగా దొరకు ఏర్పాట్లను ఈ వారముననే పెట్టింపవచ్చును. వానితో నెల దినములు గడచిన పిమ్మట, ఇంకను లోటు కనబడినచో సొమ్ము పెట్టి కొనుట మేలని మాకు తోచుచున్నది. పరీక్ష వచ్చు శనివారము ఉదయము పది గంటలకు కంప్యూటరు గదిలో ప్రారంభమగును. మీకు తెలిసిన మంచి తెలుగు సైట్ల పేర్లను కాగితముపై వ్రాసి, ఆలోగా కంప్యూటరు టీచరుగారి చేతికి ఇండు. చూడగోరువారు రావచ్చును. ఆ బాలిక తల్లికి ఇప్పుడు కొంత స్వస్థత చిక్కినది. మువ్వురిలో ఒకరుగా నుండుటకు ఆమె సమ్మతించినదని తెలుపుటకు సంతోషించుచున్నాము.