ప్రయాణానికి ముందు ఇంటిపని

(పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవాలలో, పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేళ్ళు నిండిన ఈ పాఠశాల ప్రాంగణంలో నిలబడి మాట్లాడే అవకాశం కలగడం నా అదృష్టం. మరి మూడు వారాలలో నేను నెదర్లాండ్స్ దేశంలోని లైడెన్ నగరానికి బయలుదేరుతున్నాను. విదేశయానానికి ఎలా సిద్ధపడాలో పిల్లలకూ వారి తల్లిదండ్రులకూ చెప్పవలసిందిగా ప్రధానోపాధ్యాయులు నన్ను ఆదేశించారు. ఉపదేశించే అర్హత నాకు లేదు. గత ఏడాదిన్నరగా ఒకవైపు పరిశోధన గ్రంథం ముగిస్తూ, మరొకవైపు రైళ్ళలో తిరుగుతూ, ఇంకొకవైపు కాగితాలు సమకూర్చుకుంటూ చేసిన పొరపాట్లను మాత్రం దాచకుండా చెప్పగలను.

నా పరిశోధన మన బరంపురం పట్టు నేతగాళ్ళ వలసల గురించి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. అందుచేత మన ఊరి చరిత్ర రెండు ఊళ్ళలో దొరుకుతుంది. పాత దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ పత్ర భాండాగారంలో ఉన్నాయి. తరువాతివి భువనేశ్వర్‌లో ఉన్నాయి. నా విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఉంది. ఈ మూడు ఊళ్ళ మధ్య హౌరా–చెన్నై మెయిలులోనూ ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్సులోనూ పై బెర్తు మీద కూర్చుని రెండు అధ్యాయాలు తిరగరాశాను.

లైడెన్ ఎందుకని చాలామంది అడిగారు. పదిహేడవ శతాబ్దిలో మచిలీపట్నం, పులికాటు, భీమునిపట్నం రేవులనుండి మన బట్టలను కొన్న డచ్చి ఈస్టిండియా కంపెనీ దస్త్రాలు హేగ్ నగరంలోని జాతీయ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. లైడెన్ దానికి కూతవేటు దూరం. మన తాతలు నేసిన గుడ్డ ధర ఎంతో మనవద్ద వ్రాసి ఉంచలేదు. కొన్నవాడు వ్రాసుకున్నాడు. ఆ లెక్క చదవడానికి వెళుతున్నాను.

విద్యార్థులు ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. గ్రంథం వ్రాయడం ముగిస్తే చదువు ముగిసినట్లు కాదు. సమర్పణకు ముందు సదస్సులో సమాధానం చెప్పుకోవాలి. ఇతరుల రచనలతో పోలిక ఎంత ఉందో పరీక్షిస్తారు. 2018లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం చేసిన నిబంధనల ప్రకారం ఆ పోలిక పది శాతం మించరాదు. తరువాత గ్రంథం బయటి పరీక్షకుల వద్దకు వెళుతుంది. వారి నివేదికలు వచ్చాకగాని మౌఖిక పరీక్ష జరగదు. ఆ నివేదికలకు మన తొందర తెలియదు. నాకు నియామక పత్రం వచ్చేనాటికి ఒక నివేదిక రానేలేదు. పట్టా నిర్ణీత తేదీలోగా చూపకపోతే ఆ స్థానం మరొకరికి పోతుంది. నాలుగు నెలలు ప్రతి ఉదయం తపాలా కోసం ఎదురు చూశాను. చివరకు గడువుకు పదకొండు రోజుల ముందు మౌఖిక పరీక్ష జరిగింది. కాబట్టి, పిల్లలారా, విదేశానికి దరఖాస్తు చేసే తేదీని సమర్పణ తేదీనుండి లెక్కించకండి. పట్టా చేతికి వచ్చే తేదీనుండి లెక్కించండి.

ఇక కాగితాల సంగతి. అక్కడి విశ్వవిద్యాలయమే నా ప్రవేశానుమతికి దరఖాస్తు చేసింది. అయితే ఆ దేశంలో నాలుగు నెలలకు మించి నివసించేవారు పురపాలక సంఘంలో పేరు నమోదు చేయించుకోవాలి. అందుకు జనన ధ్రువపత్రం అడుగుతారు. ఆ పత్రం మీద మన విదేశాంగ శాఖవారి అపోస్టిల్ ముద్ర ఉండాలి. అపోస్టిల్ ఒప్పందంలో మన దేశం 2005లో చేరింది. ఆ ముద్రకు ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ కావాలి. పత్రం ఒడియాలో ఉంటే ఆంగ్లానువాదం కూడా కావాలి.

ఇక్కడే నేను తలవంచుకున్నాను. నా జనన పత్రం తెరచి చూస్తే అందులో నా పేరే లేదు. పుట్టినప్పుడు నమోదు చేయించారు గాని, బారసాల అయ్యాక పేరు చేర్పించడం ఎవరికీ తోచలేదు. మెట్రిక్యులేషన్ పత్రంలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా ఉంది, అయితే ఆంగ్ల అక్షరక్రమం వేరు. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది. ఒడియావారి వంశనామం చివర వస్తుంది. ఈ రెండింటి మధ్య నా పేరు మూడు కాగితాలలో ముగ్గురు మనుషులయింది. ఈ ముగ్గురూ ఒక్కరేనని నిరూపించమని ఒక కార్యాలయంలో అడిగారు. ఆరుసార్లు తిరిగాను. పాత ఆధారం తెమ్మన్నారు.

ఆ ఆధారం ఈ బడిలో దొరికింది.

మన కార్యాలయ గుమాస్తాగారు బీరువా అడుగునుండి ఒకటవ తరగతి ప్రవేశ రిజిస్టరు తీశారు. అంచులను చెదలు తిన్న ఆ పుస్తకంలో, గుండ్రని తెలుగు అక్షరాలలో, నా పూర్తి పేరు, ఇంటిపేరు, తండ్రిగారి పేరు, పుట్టిన తేదీ ఉన్నాయి. దాని క్రింద మా నాన్నగారి సంతకం ఉంది. ఆయన చదివింది మూడవ తరగతి. మగ్గం గుంటలోనుండి లేచి వచ్చి, చేతులు తుడుచుకుని, ఆ రోజు ఆ సంతకం చేసి ఉంటారు. ప్రధానోపాధ్యాయులు ఆ పుటను ధ్రువీకరించి ఇచ్చారు. దాని ఆధారంతో జనన పత్రంలో నా పేరు చేరింది. నా ప్రయాణానికి అసలు అనుమతి ఆనాడే లభించిందని నేను భావిస్తాను.

తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. ఈ రాత్రే మీ పిల్లల కాగితాలు ఒకచోట పరచి పేర్లు సరిచూడండి. 2023 అక్టోబరు 1నుండి అమలులోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం, ఆ తేదీనాడు గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేర్పించడానికి, పాస్‌పోర్టుకు, మరికొన్ని పనులకు పుట్టిన తేదీకి జనన పత్రమే ఆధారం. పెద్ద చదువులకు వెళ్ళేనాడు దిద్దుకోవడం కంటే ఒకటవ తరగతిలోనే దిద్దుకోవడం సులభం.

మరొక పొరపాటును దిద్దుకునే అవకాశం నాకు లేదు. మా నాయనమ్మ డెబ్బయి ఏళ్ళు పట్టు వడికిన మనిషి. నూలు వడికే పాటలు, రంగుల లెక్కలు, వలస వచ్చిన ఇళ్ళ పేర్లు ఆమెకు కంఠస్థం. గ్రంథం సమర్పించాక తీరికగా కూర్చుని వ్రాసుకుంటానని మూడు సెలవులు వాయిదా వేశాను. సమర్పించి ఇంటికి వచ్చేసరికి ఆమెకు జ్ఞాపకం చెదిరిపోయింది. నన్ను చూచి ఎవరమ్మాయివని అడిగింది. భాండాగారాలలో మూడు వందల ఏళ్ళనాటి కాగితాలు వెదికిన నేను, మా వంటింటి గడపలో కూర్చున్న భాండాగారాన్ని చదవలేదు. బయలుదేరే ముందు చేయవలసిన పనుల పట్టిక వ్రాసుకునే పిల్లలు, అందులో మొదటి పంక్తిగా ఇంటి పెద్దల మాట వ్రాసుకోండి.

తెలుగు మాధ్యమంలో చదివితే విదేశంలో రాణించలేమన్న భయం మన ఇళ్ళలో ఉంది. ఆంగ్లంలో నేను వెనుకబడిన మాట నిజం. కళాశాలలో మొదటి ఏడాది నోరు తెరవలేదు. ఆ లోటు రెండేళ్ళ శ్రమతో తీరింది. అయితే ఒక నేత కుటుంబంవారి భోషాణంలో దొరికిన గొలుసుకట్టు రాతను విడదీసి చదవగలగడం ఈ బడి తెలుగు వలననే సాధ్యమయింది. నా గ్రంథంలో పరీక్షకులు మెచ్చిన అధ్యాయం అదే.

మన ఊరినుండి విదేశానికి వెళ్ళినవారిలో నేను మొదటిదానను కాను. 1894లో బరంపురంలో పుట్టిన వరాహగిరి వేంకటగిరిగారు న్యాయశాస్త్రం చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్ళారు. 1916లో తిరిగి వచ్చి కార్మికోద్యమంలో నిలిచారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్ వెళ్ళారు. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రాలేదు గాని ఆయన కృషి ఫలించిన ఔషధాలు ప్రపంచమంతటా రోగులకు చేరాయి. వెళ్ళినవారు రావలసిందేనని నేను శాసించను. ఎక్కడ ఉన్నా ఋణం గుర్తుంటే చాలు.

రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణి యాత్రలో బుఢీ ఠాకురాణి అమ్మవారు నేతగాళ్ళ పెద్ద ఇంటి ఆడపడుచుగా పుట్టింటికి వస్తుంది. ఊరంతా ఆమెకు స్వాగతం చెబుతుంది. నా ఒప్పందం కూడా రెండేళ్ళే. తిరిగి వచ్చేటప్పుడు ఆ డచ్చి లెక్కలలో మన ఊళ్ళ నేతకు సంబంధించిన పుటల ప్రతులు తెచ్చి ఈ పాఠశాల గ్రంథాలయానికి సమర్పిస్తాను. ఈలోగా కార్యనిర్వాహక వర్గానికి ఒక్క ప్రార్థన. ఆ ప్రవేశ రిజిస్టర్లను చెదలకు వదలకండి. అట్టలు కట్టించి, ప్రతులు తీయించి, భద్రపరచండి. ఆ ఖర్చులో మొదటి వంతు నాది. ఎక్కడో ఒక కార్యాలయంలో నీవెవరని నిలదీసిన రోజున, మన పిల్లల పక్షాన సాక్ష్యం చెప్పేవి అవే.

ఈ బడిలో హోంవర్కును ఇంటిపని అనేవారు. నాలో కొంత మిగిలిపోయింది. మీరు మిగల్చకండి.