ఇంట్లో వేన్నీళ్ళు – తీసుకోవలసిన జాగ్రత్తలు



మీవాళ్ళను ఇంటికి పంపేటప్పుడు మందులు ఎప్పుడు వేయాలో అడిగి తెలుసుకుంటారు. స్నానం సంగతి చాలామంది అడగరు. రోగికైనా, బాలింతకైనా, పసిబిడ్డకైనా ఇంటి దగ్గర రోజూ చేసే సేవ వేన్నీళ్ళు కాచి పోయడమే. అందుకే ఈ రోజు ఆ విషయం మాట్లాడుకుందాం.

పొయ్యి మీద కాగు పెట్టేవారు మరిగే నీళ్ళు మోసుకొచ్చేటప్పుడు పిల్లలు అడ్డం రాకుండా చూసుకోండి. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు అంటారు కదా! బకెట్‌లో మాత్రం ముందు చన్నీళ్ళు పోసి, తర్వాతే వేన్నీళ్ళు కలపండి.

చాలా ఇళ్ళలో ఇప్పుడు హీటర్ రాడ్ వాడుతున్నారు. రాడ్ గొట్టం లోపల తీగచుట్ట ఉంటుంది. కరెంటు పారితే అది వేడెక్కుతుంది. తీగకూ గొట్టానికీ మధ్య కరెంటు దాటకుండా ఒక పొడి నింపుతారు. గొట్టానికి చిల్లు పడితే ఆ పొడి తడిసి, కరెంటు నీళ్ళలోకి వస్తుంది. దివిసీమలో, బందరు తీరంలో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పన. ఉప్పునీళ్ళు లోహాన్ని త్వరగా తినేస్తాయి. వాటిలో కరెంటు కూడా ఎక్కువగా పారుతుంది. కాబట్టి రాడ్ మీద మందంగా పెచ్చు కట్టినా, చిలుము పట్టినా, పగులు కనబడినా దాన్ని వాడకండి.

నీళ్ళు కాగాయో లేదో అని వేలు పెట్టి చూడడం మన అలవాటు. ప్రాణం పోయేది అక్కడే. ముందు స్విచ్ ఆపండి, ప్లగ్ తీయండి, ఆ తర్వాతే నీళ్ళు ముట్టుకోండి. 1500 వాట్ల రాడ్ 20 లీటర్ల నీళ్ళను స్నానానికి సరిపడా వేడి చేయడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఆ సమయం చూసుకుంటే చాలు. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడండి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి.ని ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకోండి.

గీజరు ఉన్నవారు వేడిని 50 డిగ్రీలు దాటనివ్వకండి. 60 డిగ్రీల నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్నే సుమారు 5 సెకన్లలో కాలుస్తాయి. పసిపిల్లల, ముసలివాళ్ళ చర్మం పలుచన కాబట్టి ఇంకా త్వరగా కాలుతుంది. గ్యాస్ గీజరును గాలి ఆడని బాత్‌రూములో పెట్టించకండి. దాని నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు రావచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు. స్నానం చేస్తుండగా తలనొప్పి, కళ్ళు తిరగడం అనిపిస్తే వెంటనే బయటకు రావాలి.

షుగరు వ్యాధి చాలా ఏళ్ళుగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గిపోవచ్చు. కాలు కాలుతున్నా వారికి తెలియదు. "వేడి సరిపోయిందా నాన్నా?" అని అడిగి ఊరుకోకండి. మీ మోచేయి ముంచి చూసి, గోరువెచ్చగా ఉంటేనే పోయండి.

ఒకవేళ కాలితే గాజులు, ఉంగరాలు తీసి, 20 నిమిషాలు కుళాయి నీళ్ళ ధార కింద ఉంచండి. ఐసు, పేస్టు, సిరా, నూనె రాయవద్దు. బొబ్బలు చిదపవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకురండి. షాక్ కొట్టిన మనిషిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపి, 108కి ఫోన్ చేయండి.

ఇంటికి వెళ్ళగానే మీ రాడ్‌నూ, ప్లగ్‌నూ ఒకసారి చూసుకోండి.