పీఠమూ పంక్తీ: అగ్రపీఠాధిపతి మరంపూడి జోజి జీవితం, వివాదం

(నరసరావుపేటలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



మరంపూడి జోజిగారు హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా (ఆర్చిబిషప్‌గా) పనిచేశారు. ఆయన గురించి పల్నాడులో ఎందుకు మాట్లాడుకోవాలని కొందరికి అనిపించవచ్చు. ఆయన చుట్టూ రేగిన వివాదం బయటపడింది హైదరాబాదులోనే గానీ, దాని మూలాలు మన ఊళ్లలో ఉన్నాయి. మన గుళ్లలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో, మన సమాధుల దొడ్లలో ఎవరిని ఎక్కడ పూడ్చారో చూడకుండా ఆ వివాదం అర్థం కాదు. అందుకే ఈ మాటలు ఇక్కడే చెప్పాలనుకున్నాను.

ముందుగా ఆయన జీవితం. జోజి 1942 అక్టోబరు 7న పుట్టారు. 1971లో గురుపట్టం (ఫాదర్‌గా అభిషేకం) పొందారు. 1992లో ఖమ్మం బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఖమ్మం అప్పటికి నాలుగేళ్ల కిందట, 1988లో ఏర్పడిన చిన్న మేత్రాసనం (బిషప్పు పాలనా ప్రాంతం). 1996లో విజయవాడకు మారారు. 2000 జనవరి 29న రోము ఆయన్ను హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నియమించింది. భారతదేశంలో దళిత కుటుంబం నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తిగా దేశమంతా ఆయన పేరు వినిపించింది. పీఠం ఎక్కిన ఏడాదే, 2000 జూన్ 8న, తాడేపల్లిగూడెంలోనూ ఒంగోలులోనూ చర్చిల్లో బాంబులు పేలాయి. ఆ భయం నడుమ ఆయన పాలన మొదలైంది. రాష్ట్రంలోని వివిధ క్రైస్తవ సంఘాల సమాఖ్యకు సారథ్యం వహించి, లూథరన్లనూ బాప్టిస్టులనూ దక్షిణ భారత సంఘం (సీఎస్ఐ) వారినీ ఒక వేదిక మీదికి తేవడానికి పనిచేశారు. 2010 ఆగస్టులో, 67 ఏళ్ల వయసులో, పదవిలో ఉండగానే కన్నుమూశారు.

ఇక వివాదం. జోజిగారికి ముందు ఆ పీఠంలో ఉన్నవారు సామినేని అరుళప్పగారు. 1971లో నియమితులై ఇరవై ఎనిమిదేళ్లు అగ్రమేత్రాసనాన్ని నడిపిన పెద్దమనిషి. డెబ్బై అయిదేళ్లు నిండగానే బిషప్పులు రాజీనామా ఇవ్వాలన్న నియమం ప్రకారం పదవి దిగారు. దిగుతూ, జోజిగారి నియామకం మీద తన అసమ్మతిని దాచుకోలేదు. రోముకు ఇక్కడి వాస్తవాలు తెలియవని, దాన్ని మోసపుచ్చుతున్నారని ఆయన అన్న మాట పత్రికలకెక్కింది. కథోలిక సంప్రదాయంలో ఇది చిన్న విషయం కాదు. దిగిపోయే పీఠాధిపతి కొత్తవారికి దండం (బిషప్పు చేతికర్ర) అప్పగించి దీవించడం మనకు తెలిసిన మర్యాద. ఇక్కడ కొత్తవారు బాధ్యత చేపట్టకముందే ఆయన యోగ్యత మీద ప్రశ్న పడింది.

ఆ ప్రశ్న వెనుక ఉన్న కుల పట్టింపుకు మూడు శతాబ్దాల చరిత్ర ఉంది. 1701 ప్రాంతంలో జెస్విట్ సభకు చెందిన ఫ్రెంచి గురువులు కర్ణాటక మిషన్ మొదలుపెట్టి పుంగనూరు, కృష్ణాపురం వైపు నుంచి తెలుగు నేల మీదికి వచ్చారు. వాళ్లు కాషాయం కట్టారు, మాంసం మానేశారు, బ్రాహ్మణ సన్యాసుల్లా బతికారు. పెద్దకులాల వారు తమ మాట వినాలంటే అంటరాని వారని పేరుపడిన వారితో కలవకూడదని తలచారు. ఆ పద్ధతి వల్ల రెడ్లు, కమ్మవారు కుటుంబాలు కుటుంబాలుగా విశ్వాసంలోకి వచ్చారు. కరువులకూ యుద్ధాలకూ తట్టుకోలేక ఆ కుటుంబాల్లో కొన్ని ఉత్తరానికి వలసవచ్చాయి. మన రెంటచింతల వంటి కథోలిక గ్రామాల వెనుక ఆ వలసల చరిత్ర ఉంది. 1773లో జెస్విట్ సభను రోము రద్దు చేశాక గురువులు లేని ఏళ్లు ఎన్నో గడిచాయి. అయినా ఆ కుటుంబాలు జపమాల వదలలేదు. ఆ విశ్వాసానికి నేను మనసారా తలవంచుతాను.

అయితే అదే పద్ధతి ఇంకొక వారసత్వాన్నీ మిగిల్చింది. రోము దీన్ని చూడకపోలేదు. 1704లో పుదుచ్చేరిలో పోపు ప్రతినిధి తూర్నోన్ జెస్విట్ల కుల పట్టింపులను ఖండించారు. నలభై ఏళ్ల వాదోపవాదాల తర్వాత 1744లో పోపు 14వ బెనెడిక్టు ఆ పట్టింపుల మీద తుది ఆజ్ఞ ఇచ్చారు. దానికి జెస్విట్లు చేసిన సర్దుబాటు ఏమిటంటే, అంటరాని కులాల వారి కోసం వేరే గురువులను కేటాయించడం. సమస్యకు మందు వేస్తున్నామనుకుని గురువుల్లోనే కులవిభజన చేశారు. 2000లో హైదరాబాదులో వినబడిన అరుళప్పగారి మాటకు మూలం నాకు ఇక్కడే కనిపిస్తోంది.

పల్నాడు విషయానికి వద్దాం. పందొమ్మిదో శతాబ్దంలో నరసరావుపేట, వినుకొండ, గురజాల, సత్తెనపల్లి వైపు అమెరికన్ బాప్టిస్టులు, లూథరన్లు వచ్చినప్పుడు మాల, మాదిగ పల్లెలు వాళ్ల వెంట నడిచాయి. కథోలిక సంఘం అప్పటికి ఎక్కువగా రైతు కులాల సంఘం. ఆ తర్వాత మిల్‌హిల్ సభ గురువులు ఫిరంగిపురం కేంద్రంగా పనిచేస్తూ గుడి కట్టారు, బడులు పెట్టారు. క్రమంగా దళితవాడలూ ఈ సంఘంలోకి వచ్చాయి. 1940లో నెల్లూరు నుంచి విడదీసి గుంటూరు మేత్రాసనం ఏర్పడింది. తొలి బిషప్‌గా పోతకమూరి తోమాసుగారు వచ్చారు. పాశ్చాత్య గురువుల చేతిలో ఉన్న అధికారం తెలుగువాడి చేతికి రావడం అప్పట్లో పెద్ద మార్పు. కానీ తెలుగువాడంటే ఏ వాడలోని తెలుగువాడు అన్న ప్రశ్నకు సమాధానం రావడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. ఆ సమాధానం జోజిగారి రూపంలో వచ్చింది.

ఇదే గడ్డ మీద వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువాను తలుచుకోండి. కులం పేరుతో ఊరు దూరం పెట్టింది. పురాణ కథలు రాస్తున్నాడని క్రైస్తవ సంఘమూ కాదంది. ఇంతటి కవిని ఇముడ్చుకోలేని ఇరుకు ఆనాటి మన సంఘాల్లో ఉంది. మరి ఇదే పల్నాడు అంతకు ఎంతో ముందే చాపకూడు చూసింది. మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టాడని, మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనకు నాయకుణ్ణి చేశాడని మన వీరగాథ చెబుతుంది. ఆ గాథలో నేను ముఖ్యంగా పట్టించుకునేది ఒకటుంది. బ్రహ్మనాయుడు పదవి ఇచ్చి ఊరుకోలేదు, పంక్తిలో చోటూ ఇచ్చాడు. పంక్తి లేని పదవి కన్నమదాసును ఒంటరివాణ్ణి చేసి ఉండేది. జోజిగారికి మన సంఘం పీఠం ఇచ్చింది, పంక్తి ఇవ్వడానికి వెనకాడింది. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచిన మాట ఇదే.

జోజిగారు ఈ సంగతి కప్పిపుచ్చలేదు. వివక్షకు సంఘం నియమాల్లో చోటు లేకపోయినా ఆచరణలో అది బలంగా ఉందని విదేశీ విలేకరితోనే చెప్పారు. బిషప్పులు దళితుల బాధలు చెప్పుకోవడానికి ఒక ప్రధానమంత్రి దగ్గరికి వెళ్లినప్పుడు, ముందు మీ సంఘంలో వాళ్లకు న్యాయం చేసి రండి, తర్వాత నేను చేయగలిగింది చేస్తాను అని ఆయన జవాబిచ్చారట. ఈ సంఘటన చెప్పింది కూడా జోజిగారే. తన సంఘానికి తలవంపులు తెచ్చే జవాబును ఒక అగ్రపీఠాధిపతి స్వయంగా బయటపెట్టారు. మనవాళ్లు కొందరు దాన్ని పరువు తక్కువ పనిగా చూస్తారు. నా దృష్టిలో ఆయన మొత్తం సేవలో అత్యంత ధైర్యమైన పని అదే. పాపసంకీర్తనం చేయమని విశ్వాసులకు చెప్పే సంఘం తన పాపాన్ని తానూ ఒప్పుకోవాలి కదా!

అరుళప్పగారికి కూడా న్యాయం చేద్దాం. నియామకాలు ఆధ్యాత్మిక యోగ్యతను బట్టే జరగాలి, సామాజిక లెక్కలను బట్టి కాదు అన్నది ఆ పక్షం వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఒక్క ప్రశ్న అడగాలి. అవే కొద్ది కులాల నుంచి వరసగా బిషప్పులు వచ్చిన దశాబ్దాల్లో ఈ యోగ్యత వాదం ఎందుకు వినిపించలేదు? పెద్దకులం వ్యక్తికి పదవి వస్తే దేవుని పిలుపు, దళితుడికి వస్తే రాజకీయం అయినప్పుడు, అక్కడ తూగుతున్నది యోగ్యత కాదు. ఇటువైపు కూడా ఒక తప్పు జరిగింది. ఆయన్ను జెండాగా చూసినవారు పరిపాలకుడిగా ఆయన్ను తూచడం మరిచిపోయారు. ఒకరు కులం చూసి నిందిస్తే, ఇంకొకరు కులం చూసి పొగిడితే, మనిషి చేసిన పనిని చూసేదెవరు? ఏ బిషప్పునైనా గురువుల నియామకాల్లో, బడుల నిర్వహణలో, భూముల కాపలాలో, లెక్కల్లో తూచాలి. ఆ తూకం జోజిగారికీ వర్తించాలి, ఆయన ముందువారికీ తర్వాతివారికీ అదే వర్తించాలి.

ఈ అనుమానాలు ఇంతగా పెరగడానికి నియామక పద్ధతి కూడా కారణం. ఢిల్లీలోని పోపు రాయబారి కొందరు గురువులకు, విశ్వాసులకు రహస్యంగా ప్రశ్నావళి పంపుతారు. మూడు పేర్ల జాబితా రోముకు వెళుతుంది. పోపు నిర్ణయిస్తారు. ఎవరిని అడిగారో, ఏం చెప్పారో బయటికి రాదు. వ్యక్తుల పరువు కాపాడడానికి గోప్యత అవసరమే. కానీ ఏ గుణాలు చూస్తారో, ఎన్ని వర్గాల మాట వింటారో కూడా ప్రజలకు తెలియనప్పుడు పుకార్లు పుడతాయి, ఆ పుకార్లకు కులమే ముడిసరుకు అవుతుంది.

జోజిగారి నియామకం తర్వాత ఏం మారింది? 2003లో పోపు రెండవ జాన్ పాల్, తమ్ముడి పక్కన కూర్చోనివ్వని కుల పట్టింపు క్రైస్తవ జీవితానికే విరుద్ధమన్న భావం వచ్చేలా తమిళనాడు బిషప్పులను హెచ్చరించారు. 2016 డిసెంబరులో భారత కథోలిక బిషప్పుల సమాఖ్య దళిత సాధికార విధానం ప్రకటించింది. దేశంలోని సుమారు 1.9 కోట్ల కథోలికుల్లో 1.2 కోట్ల మంది దళితులని, నాయకత్వంలో వారి వంతు చాలా తక్కువని ఒప్పుకుంది. 2020లో పూల ఆంటోనీగారు హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యారు. పేదరికం వల్ల ఏడో తరగతితో చదువు ఆగిపోతే మిషనరీల సాయంతో చదివిన రాయలసీమ బిడ్డ ఆయన. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో తొలి కార్డినల్, దళితుల్లో తొలి కార్డినల్. 2025లో కొత్త పోపును ఎన్నుకున్న సభలో ఆయన ఓటు వేశారు. జోజిగారు ఒంటరిగా భరించిన నింద ఈ దారిని కొంత చదును చేసిందని నేను నమ్ముతున్నాను.

బయటి అన్యాయం మాత్రం అలాగే ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను ఎస్సీ జాబితాలోకి రానివ్వదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తెరిచిన తలుపు వీరికి తెరవలేదు. మన రాష్ట్రంలో బీసీ-సి కింద దక్కేది 1 శాతం. పక్కనే ఉన్న బాపట్ల జిల్లా నుంచి వెళ్లిన కేసులో 2025 ఏప్రిల్ 30న హైకోర్టు, క్రైస్తవం స్వీకరించిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేడంది. మతం మారితే కులం పోతుందని చట్టం అంటోంది. పోలేదని ఊరు అంటోంది. మన గుడి కూడా ఊరి పక్షమే వహిస్తే ఢిల్లీలో మన వినతిపత్రానికి విలువ ఎక్కడిది? ఆ ప్రధానమంత్రి అడిగింది అదే.

కాబట్టి ఈ సభ ముందు మూడు కోరికలు పెడుతున్నాను. మొదటిది, పల్నాడులోని ఏ విచారణలోనైనా (పారిష్‌లోనైనా) కులానికొక సమాధుల దొడ్డి ఉంటే, దాని గోడ తీసేయాలని విచారణ సభ తీర్మానించాలి. రెండోది, ప్రతి విచారణకూ ఆర్థిక సమితి ఉండాలన్నది సంఘ చట్టంలోని 537వ నిబంధన. ఆ సమితిలో ప్రతి వాడకూ చోటివ్వాలి, ఏడాదికొకసారి లెక్కలు పూజ తర్వాత అందరి ముందు చదవాలి. మూడోది, మన మిషన్ బడుల్లో, కాలేజీల్లో సీట్లూ ఉద్యోగాలూ ఏ వర్గానికి ఎన్ని వచ్చాయో మేత్రాసనం ప్రకటించాలి. ఇవి రోము అనుమతి అక్కర్లేని పనులు. ఇవి జరిగిన రోజున రాబోయే బిషప్పును ఏ కులంవాడని ఎవరూ అడగరు, ఏం చేశాడని అడుగుతారు. జోజిగారికి మనం బాకీపడిన న్యాయం అది. తీర్చడం మన చేతుల్లో ఉంది.