జనరేటర్‌కు గ్యాస్ పైపు: చవకబేరం వద్దు

2024 జూలైలో బెరిల్ తుఫానుకు మన హ్యూస్టన్‌లో రోజుల తరబడి కరెంటు పోయింది. ఆ తర్వాత మనలో కొందరం స్టాండ్‌బై జనరేటర్లు పెట్టించుకుంటున్నాం. మంచిదే. కానీ డబ్బు మిగులుతుందని, పొయ్యికి వెళ్లే సన్న పైపుకే టీ వేసి కలిపేయమంటున్నాం. అది తప్పు.

22 కిలోవాట్ల జనరేటర్ పూర్తి లోడుమీద గంటకు 3 లక్షల బీటీయూలకు పైగానే గ్యాస్ లాగుతుంది. పైపు చాలకపోతే ప్రెషర్ పడిపోతుంది. జనరేటర్ ఆగుతుంది, గీజరు పైలట్ మంట ఆరిపోవచ్చు. అందుకే ఇంట్లో ఉన్న గ్యాస్ సామాన్లన్నీ కలిపి, మీటరు నుంచి దూరం చూసి పైపు సైజు కట్టాలి. మీటరు చాలకపోతే గ్యాస్ కంపెనీయే మార్చాలి.

పర్మిట్ తీసుకుని, లైసెన్సున్న ప్లంబర్‌తోనే చేయిద్దాం. గ్యాస్ వదలకముందే గాలితో ప్రెషర్ టెస్టు జరగాలి. లీకు చూడటానికి సబ్బు నీళ్లే, అగ్గిపుల్ల వద్దు. వాసన వస్తే స్విచ్ ముట్టకుండా అందరం బయటికొచ్చి, అప్పుడే ఫోన్ చేద్దాం.

నాలుగు డాలర్ల కోసం పిల్లలు పడుకునే ఇంటిని పణంగా పెట్టొద్దు.