కొండ పెరటిలో గంధరాజము

మైదానమున గంధరాజము ఆకులు పసుపెక్కగానే ఎరువు చాలలేదని తలచుట పరిపాటి. తరచుగా దోషము క్షారగుణముగల నేలది, బావినీటిది. అట్టిచోట మట్టిలో ఇనుమున్నను వేరు దానిని గ్రహింపజాలదు.

మారేడుమిల్లి ఎర్రనేలలో ఆ చిక్కు సాధారణముగా తక్కువ. ఇక్కడి భయమెల్ల వానవలననే. వేళ్లవద్ద నీరు నిలిచినచో మొగ్గలు విచ్చకయే రాలును. కావున ఇంటికి తూర్పువైపున, ఉదయపుటెండ తగులుచు ఈదురుగాలి సోకని చోట, చూరునీటికి దూరముగా, నేలను జానెడు ఎత్తుచేసి, మాగిన ఆకుమట్టి కలిపి నాటవలెను. మొదట పొయ్యిబూడిద పోయు అలవాటు మనకు తాతలనాటిదే. అదియు క్షారమే గనుక ఈ మొక్కకు మాత్రము వలదని మేము గట్టిగా చెప్పుదుము.

తెల్లగా విచ్చిన పువ్వు పసుపు చాయకు తిరిగినను వాసన వీడదు. పూత ముగియగానే కొమ్మలు కత్తిరింపుడు. వానకాలమున వానిని నీడపట్టున తడి ఇసుకలో గ్రుచ్చినచో వేళ్లు పట్టును. పొరుగింటికిని ఒక మొక్క ఇయ్యవచ్చును.