గుడి గోడకు గానుగ సున్నం



కార్తీకం వస్తోందంటే మన ఇళ్ళలో గుడికి ఏదైనా చేయించాలన్న ఆలోచన మొదలవుతుంది. అమ్మ పేరున నాలుగు నాపరాళ్ళు, మామగారి పేరున గోడలకు రంగు. మంచిదే. కానీ పాత గుడికి మనం చేసే ఉపకారంలో అపకారం ఎంతుందో కూడా చూసుకోవాలి గదా!

మన కృష్ణాతీరంలో పాత గుళ్ళ ప్రాకారాలూ, గోపురాల పైభాగాలూ చాలాచోట్ల ఇటుకా సున్నమూతో కట్టినవే. ఆ సున్నం పని అచ్చం వంటలాంటిది. సున్నపురాయినో, గుల్లనో బట్టీలో కాలుస్తారు. నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి పొడి అవుతుంది. (పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి, కంట్లో పడితే ప్రమాదం.) దానికి ఇసుక చేర్చి, గుండ్రటి గానుగలో ఎడ్లచేత రాతిచక్రం తిప్పించి నూరేవారు. కరక్కాయలు నానిన నీళ్ళూ, బెల్లం నీళ్ళూ పోసేవారు. పిండిలో పలుకు తగులుతోందేమోనని మనం వేళ్ళతో చూసుకుంటామే, మేస్త్రీ కూడా అలాగే చూసేవాడు. ఎంత నూరాలో చెప్పేది అతని చెయ్యే.

ఈ సున్నం గాలి పీల్చుకుంటూ నెలల తరబడి మెల్లగా గట్టిపడుతుంది. మనదా తడినేల. కాలవలకు నీళ్ళు వదిలితే గోడల అడుగు చెమ్మెక్కుతుంది. సున్నపు గోడ ఆ చెమ్మను బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూశామా, చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పేరుకుని, ఇటుక పొడిపొడి అవుతుంది. పైకి మాత్రం గోడ నున్నగా, ముచ్చటగా ఉంటుంది!

పైగా సున్నంతో కట్టిన ఇటుకను గీకి మళ్ళీ వాడుకోవచ్చు. సిమెంటు ఇటుక విప్పబోతే ముక్కలవుతుంది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, ఆలంపురంలో తిరిగి నిలబెట్టారు. అది సిమెంటు గుడి అయితే సాధ్యమయ్యేదా?

శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలింది. బీటలు ముందే కనిపించాయి. 2017లో కొత్త గోపురం లేచింది, సంతోషమే. పాతది మాత్రం పోయింది.

పని తెలిసినవాళ్ళు బొత్తిగా లేకపోలేదు. తిరుపతిలో దేవస్థానం వారి శిల్ప విద్యాలయంలో రాతిపనితోపాటు సుధ పని కూడా నేర్పుతున్నారు. కానీ నేర్చినవాడికి పని దొరకాలి కదా. సున్నానికి రోజులు ఎక్కువ, కూలి ఎక్కువ. సిమెంటయితే పండగలోపు అయిపోతుంది. తొందర మనదే.

మా పుట్టింటి ఊళ్ళో శివాలయం ప్రాకారం విషయంలో ఈ ఏడు ఇదే తగవు. మగవాళ్ళందరూ సిమెంటన్నారు. పక్క ఊళ్ళో డెబ్భై దాటిన మేస్త్రీ ఉన్నాడని తెలిసి మా వదినగారు కబురు పెట్టారు. ఆయన రెండు షరతులు పెట్టాడు. వానలు వెనకబడందే గోడ ముట్టనన్నాడు. తనతో ఇద్దరు కుర్రాళ్ళు పని నేర్చుకోవాలి, నేర్చుకునే రోజులకు కూడా వాళ్ళకు కూలి ఇవ్వాలి అన్నాడు. ఆ కూలి డబ్బు ఆడవాళ్ళం చందా వేసుకున్నాం. నాపరాళ్ళ మొక్కులు మూడు దానిలోకే మళ్ళాయి. సంక్రాంతి వెళ్ళాక పని మొదలు, ముందు తూర్పు గోడ ఒక్కటే.