వీసా ఎవరి పూచీ మీద?

(ఖాజీపేటలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కువైట్ గురించి ఖాజీపేటలో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కడప జిల్లా నుంచి ఇంటిపనికి వెళ్లిన స్త్రీలకు కఫీల్ అంటే ఎవరో తెలుసు. వీసా ఇప్పించేది ఆయనే, అక్కడ నివాసం ఆయన పూచీ మీదే. ఆ ఇంట్లో హింస భరించలేక బయటపడితే, పారిపోయిందని ఆమె మీదే ఫిర్యాదు పెట్టగలడు. ఇది అన్యాయమని మనం ఎన్నో సభల్లో మాట్లాడాం. కానీ మన ఆడపిల్ల పెళ్లి చేసుకోవడానికి అమెరికా వెళ్లేటప్పుడు కూడా ఒక మగవాడి పూచీ మీదే వెళ్తుంది. పనికి వెళ్లిన స్త్రీ విషయంలో మనకు దోపిడీగా కనిపించినది, పెళ్లికూతురి విషయంలో అదృష్టంగా కనిపిస్తుంది. ఈ రోజు ఆ సంగతే మాట్లాడదామనుకుంటున్నాను.

వరుడు అమెరికా పౌరుడైతే పెళ్లికి ముందే ఆమెను పిలిపించుకునే వీసా ఒకటుంది. దాన్ని కె-1 అంటారు. మొదటి దరఖాస్తు పెట్టేది అతను, ఆమె కాదు. అంతకుముందు రెండేళ్లలో ఇద్దరూ ఒకసారైనా ముఖాముఖి కలిసి ఉండాలి. ఆమె అక్కడ దిగిన 90 రోజుల్లోగా అతన్నే పెళ్లాడాలి. లేకపోతే వెనక్కి రావాలి. మరొకరిని పెళ్లాడినా ఆ వీసా ఆధారంగా అక్కడ స్థిరపడే వీలు లేదు.

ఈ 90 రోజుల్లో అతను తాగుతాడనో, కొడతాడనో తెలిసిందనుకోండి. ఇంటికి ఫోన్ చేస్తే తల్లి ఏమంటుంది? ‘‘సర్దుకోమ్మా, ఇప్పుడు తిరిగొస్తే ఊళ్లో ఏం చెప్పుకోవాలి?’’ అంటుంది. చట్టం రోజులు లెక్కపెడుతుంది, కుటుంబం పరువు లెక్కపెడుతుంది. వద్దని చెప్పే హక్కు ఆమెకు కాగితం మీదే మిగులుతుంది.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు గానీ, ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు గానీ కె-1 పెట్టలేరు. అందుకే మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇక్కడే పెళ్లి చేసి, హెచ్-4 వీసా మీద పంపడం. భర్త ఉద్యోగం ఉన్నంత కాలమే ఆ వీసా. 2015 దాకా ఆ వీసా మీద ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ ఏడాది నుంచి, భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే అనుమతి వస్తోంది. ఇంజనీరింగ్ చదివిన పిల్లలు కూడా చేతి ఖర్చుకు భర్తను అడగాల్సి రావడం ఇందువల్లే.

పెళ్లికి వచ్చే స్త్రీని రాజ్యం కూడా నమ్మదు. 1979 జనవరిలో, కాబోయే భర్తను పెళ్లాడడానికి లండన్ వెళ్లిన 35 ఏళ్ల భారతీయ ఉపాధ్యాయురాలికి హీత్రూ విమానాశ్రయంలో కన్యత్వ పరీక్ష చేశారు. నిజంగా పెళ్లికాని స్త్రీయేనా అని అధికారుల అనుమానం! పత్రికల్లో వచ్చాక, అక్కడి ఆసియా స్త్రీలు, నల్లజాతి స్త్రీలు వీధికెక్కారు. ఆ పరీక్షలు ఆగాయి.

చట్టాల్లో వచ్చిన కొద్దిపాటి మార్పులూ ఇలా పోరాడితే వచ్చినవే. హింసకు గురైన భార్య, భర్త సంతకం లేకుండా సొంతంగా దరఖాస్తు పెట్టుకునే వీలు అమెరికాలో 1994లో వచ్చింది. భర్త పౌరుడో, గ్రీన్ కార్డుదారుడో అయితేనే అది వర్తిస్తుంది. అలా పెళ్లికి వెళ్లిన స్త్రీలు హత్యకు గురయ్యాక, కె-1 పెట్టే మగవాడి నేర చరిత్రను ఆమెకు తెలియజేయాలని 2005లో మరో చట్టం చేశారు.

మన తెలుగు స్త్రీ ఒకామె సాధించిన తీర్పును కూడా గుర్తుచేయాలి. 1975లో తిరుపతిలో ఆమె పెళ్లి జరిగింది. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో విడాకుల డిక్రీ తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. ఆమె ద్విభార్యత్వం కేసు పెట్టింది. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. విదేశం నుంచి పోస్టులో విడాకుల కాగితం వచ్చిందని ఏడుస్తూ మన దగ్గరకు వచ్చే స్త్రీకి మొదట చెప్పాల్సింది ఇదే: ఆ కాగితం చూసి భయపడి దేని మీదా సంతకం పెట్టొద్దు, ముందు వకీలుకు చూపిద్దాం.

జాతకం అడిగే ఇంట్లో వరుడి వీసా ఏ రకమో, దాని నకలు ఏదో కూడా అడిగించాలి. పెళ్లి తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. మన రాష్ట్రంలో 2002 నుంచి అందుకు చట్టం ఉంది. పాస్‌పోర్టు ఆమె చేతిలోనే ఉండాలి, నకళ్లు పుట్టింట్లో ఉండాలి. జాతీయ మహిళా కమిషన్‌లో ప్రవాస భారతీయ వివాహాల ఫిర్యాదుల కోసం 2009 నుంచి ప్రత్యేక విభాగం పనిచేస్తోంది.

అయితే ఆమె తిరిగి వచ్చినప్పుడు నిలబడడానికి ఇక్కడ చోటు లేకపోతే ఇవేవీ పనికిరావు. మన ఊళ్లలో అలా తిరిగొచ్చి తలుపు వేసుకుని కూర్చున్న ఆడపిల్లలు ఉన్నారు. ఊరు వాళ్లను ఎందుకొచ్చావని అడుగుతుంది. మనం వెళ్లి, కాగితాలు ఎవరి దగ్గరున్నాయని అడుగుదాం. అక్కణ్నుంచి పని మొదలుపెడదాం.